గన్నవరం నుంచి ప్రపంచానికి.. వయా హబ్! బడ్జెట్ విమానాలు పెద్ద ఎయిర్‌పోర్టుల్లో పాగా వేస్తే బెజవాడకు లాభమా? నష్టమా?

భీమవరం కుర్రాడు చదువు కోసం డల్లాస్ వెళ్లాలన్నా, గుడివాడ నుంచి ఒకాయన పని కోసం గల్ఫ్ బయల్దేరాలన్నా, మచిలీపట్నంలో ఉంటున్న అమ్మానాన్నలు మనవడిని చూసేందుకు మెల్‌బోర్న్ ఫ్లైట్ ఎక్కాలన్నా.. దారి దాదాపు ఒకటే. ముందు గన్నవరంలో ఓ విమానం. లేదంటే రాత్రంతా హైదరాబాద్ బస్సు. ఆ తర్వాత ఓ పెద్ద ఎయిర్‌పోర్ట్. అసలు ప్రయాణం అక్కడి నుంచే మొదలు.

చాలా ఏళ్లు ఈ ప్రయాణం రెండు ముక్కలుగా ఉండేది. తొలి ముక్క బడ్జెట్ ఎయిర్‌లైన్‌ది. రెండో ముక్క పెద్ద అంతర్జాతీయ కంపెనీది. ఇప్పుడా గీత చెరిగిపోతోంది. గన్నవరం నుంచి హైదరాబాద్ తీసుకెళ్లే బడ్జెట్ కంపెనీయే ఢిల్లీ, ముంబై, బెంగళూరు, హైదరాబాద్‌లను అడ్డాగా చేసుకుని విదేశాలకూ తీసుకెళ్తోంది. అక్కడి టైమింగ్స్‌ను బట్టే ఇక్కడి టైమింగ్స్ మారుతున్నాయి.

మరి కృష్ణా డెల్టా ప్రయాణికుడికి ఇది మంచి వార్తేనా? సగం మంచి వార్తే. మిగతా సగం అర్థం కావాలంటే హబ్ అంటే ఏంటి, స్లాట్ అంటే ఏంటి, గన్నవరంలో గత 20 ఏళ్లలో ఏం జరిగింది అన్నవి తెలియాలి.

హబ్ అంటే ఏంటి? బెజవాడ జంక్షన్‌ని చూస్తే చాలు

విజయవాడ వాళ్లకు హబ్ గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. రోజూ చూసేదే. గుడివాడ, మచిలీపట్నం, భీమవరం వైపు నుంచి వచ్చే ప్యాసింజర్ రైళ్లు బెజవాడ జంక్షన్‌లో జనాన్ని దించుతాయి. వాళ్లే అక్కడ చెన్నై, ఢిల్లీ, హౌరా, సికింద్రాబాద్ వెళ్లే పెద్ద బండ్లు ఎక్కుతారు. నరసాపురం నుంచి ఢిల్లీకి వేరే రైలు, రేపల్లె నుంచి ఢిల్లీకి ఇంకో రైలు వేయడం కుదరదు కదా. అందర్నీ ఒక చోట చేర్చి, అక్కడి నుంచి పంపిస్తారు. అదే జంక్షన్.

విమానాల్లో ఆ జంక్షన్‌నే హబ్ అంటారు. గన్నవరం, రాజమండ్రి, తిరుపతి లాంటి చోట్ల నుంచి వచ్చే విమానాలు దాదాపు ఒకే సమయానికి హబ్‌కి చేరతాయి. గంటా రెండు గంటల తర్వాత అక్కడి నుంచి పెద్ద విమానాలు బయల్దేరతాయి. ఈ లెక్క సరిగ్గా కుదిరితే దిగినవాళ్లు దిగినట్టే తర్వాతి ఫ్లైట్ ఎక్కేస్తారు. పెద్ద విమానం నిండుతుంది, కంపెనీకి డబ్బులొస్తాయి.

బడ్జెట్ ఎయిర్‌లైన్ అసలు రూల్.. హబ్ జోలికి వెళ్లకూడదు!

విచిత్రం ఏంటంటే, బడ్జెట్ విమానం పుట్టిందే ఈ హబ్ పద్ధతికి దూరంగా. 1971లో అమెరికాలోని టెక్సాస్‌లో మొదలైన సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ చూపించిన దారి అది. ఒకే రకం విమానాలు వాడాలి. దాంతో పైలట్లకు ట్రైనింగ్ ఖర్చు, స్పేర్ పార్టుల ఖర్చు తగ్గుతాయి. విమానం నేల మీద ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. అరగంటలో జనాన్ని దించి, మళ్లీ ఎక్కించి, గాల్లోకి లేపాలి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నేరుగా తిప్పాలి. కనెక్షన్ల కోసం ఎదురుచూడటం, ఒక విమానంలోంచి ఇంకో విమానంలోకి సూట్‌కేసులు మార్చడం లాంటి పనులు పెట్టుకోకూడదు.

ఐరోపాలో ర్యాన్‌ఎయిర్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఫీజులు ఎక్కువ, రద్దీ ఎక్కువ. అందుకే ఊరికి దూరంగా ఉన్న చిన్న ఎయిర్‌పోర్టులను వెతుక్కుంది. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ పేరు పెట్టుకుని ఆ కంపెనీ విమానాలు దిగిన హాన్ ఎయిర్‌పోర్ట్, ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి 100 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అంటే విజయవాడ టికెట్ కొన్నవాళ్లను సూర్యాపేట దాకా తీసుకొచ్చి దించేసినట్టే!

అయితే ఆ రూల్ మెల్లగా పక్కకు పోయింది. చిన్న ఎయిర్‌పోర్టుల నుంచి దొరికే ప్రయాణికులు ఒక స్థాయికి వచ్చాక పెరగలేదు. ఎక్కువ డబ్బు పెట్టగలిగే ఆఫీసు ప్రయాణికులంతా పెద్ద ఎయిర్‌పోర్టుల్లోనే ఉన్నారు. దాంతో ర్యాన్‌ఎయిర్ 2017లో ఫ్రాంక్‌ఫర్ట్ మెయిన్ ఎయిర్‌పోర్టులోకి వచ్చింది. సౌత్‌వెస్ట్ 2021లో, కోవిడ్ వల్ల రద్దీ తగ్గి చోటు దొరికిన సమయంలో, షికాగో ఓహేర్‌లోకి అడుగుపెట్టింది.

వచ్చినంత తేలికగా వెళ్లిపోవడం కూడా ఉంటుంది. ఫీజులు పెరిగాయంటూ ర్యాన్‌ఎయిర్ 2022 మార్చి చివరికల్లా ఫ్రాంక్‌ఫర్ట్ బేస్ ఎత్తేసింది. బడ్జెట్ కంపెనీకి ఏ ఎయిర్‌పోర్ట్ మీదా మమకారం ఉండదు. లెక్క కుదిరితే ఉంటుంది, లేదంటే విమానాన్ని ఇంకో చోటికి మారుస్తుంది. ఈ మాట గన్నవరం వాళ్లకు కొత్త కాదు.

ఇండియాలో కథే వేరు

మన దగ్గర బడ్జెట్ విమానాలు పెద్ద ఎయిర్‌పోర్టుల్లోకి కొత్తగా రావాల్సిన అవసరం పడలేదు. మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాయి. కారణం సింపుల్.. చాలాకాలం నగరానికి ఒకటే ఎయిర్‌పోర్ట్. 2008 మార్చిలో శంషాబాద్ మొదలవగానే బేగంపేటలో రెగ్యులర్ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అదే ఏడాది మేలో బెంగళూరులోనూ అంతే. కొత్త ఎయిర్‌పోర్ట్ దేవనహళ్లిలో తెరుచుకోగానే పాత హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టులో అవి బంద్ అయ్యాయి. టికెట్ రూ.2 వేలైనా, రూ.20 వేలైనా దిగేది అదే రన్‌వే మీద.

అంటే ఐరోపాలో మారింది చోటు. ఇండియాలో మారింది పాత్ర. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిప్పే కంపెనీలు ఇప్పుడు హబ్ నడిపే కంపెనీలు అవుతున్నాయి.

ఇందుకు పెద్ద ఉదాహరణ ఇండిగో. 2006 ఆగస్టులో మొదలైన ఈ కంపెనీ చేతిలో ఇప్పుడు దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా ఉన్నారు. 2023 జూన్‌లో ఒకేసారి 500 ఎయిర్‌బస్ విమానాలకు ఆర్డర్ ఇచ్చింది. 2024 నవంబర్‌లో ఢిల్లీ-ముంబై మధ్య బిజినెస్ క్లాస్ సీట్లు తెచ్చింది. 2025 జులైలో ముంబై నుంచి ఆమ్‌స్టర్‌డామ్, మాంచెస్టర్‌లకు పెద్ద విమానాలు నడపడం మొదలుపెట్టింది. తనకు సర్వీసు లేని దేశాలకు విదేశీ కంపెనీలతో కోడ్‌షేర్ ఒప్పందాలు చేసుకుంది. అంటే టికెట్ అమ్మేది ఒకరు, ఒక ముక్కలో విమానం నడిపేది ఇంకొకరు.

మరోవైపు టాటా గ్రూప్. 2022 జనవరిలో ఎయిర్ ఇండియాను తీసుకున్నాక బడ్జెట్ విమానాలన్నింటినీ ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ గొడుగు కిందకు తెచ్చింది. చిన్న ఊళ్ల నుంచి జనాన్ని ఎక్స్‌ప్రెస్ తీసుకురావడం, హబ్ నుంచి ఎయిర్ ఇండియా దూర దేశాలకు తీసుకెళ్లడం.. ప్లాన్ ఇదే. పల్లె వెలుగు బస్సు, దాని తర్వాత గరుడ బస్సు అన్నమాట.

గన్నవరం రన్‌వే మీద 20 ఏళ్లు.. ఎంతమంది వచ్చారు? ఎంతమంది వెళ్లారు?

గన్నవరం ఎయిర్‌పోర్ట్ రెండో ప్రపంచ యుద్ధం నాటిది. కానీ సామాన్యుడికి విమానం దగ్గరైంది మాత్రం 2003లోనే. కెప్టెన్ జి.ఆర్.గోపీనాథ్ పెట్టిన ఎయిర్ డెక్కన్, ఆ ఏడాది సెప్టెంబర్‌లో హైదరాబాద్-విజయవాడ సర్వీసును మొదలుపెట్టింది. సూర్య హీరోగా వచ్చిన 'ఆకాశం నీ హద్దురా' సినిమాకు ప్రేరణ ఈ గోపీనాథ్ జీవితమే.

ఆ తొలి విమానమే బేగంపేటలో గండం ఎదుర్కొంది. ఇంజిన్‌లో మంటలు రావడంతో ప్రయాణికుల్ని దించేశారు. అప్పటి బీజేపీ జాతీయ అధ్యక్షుడు ఎం.వెంకయ్య నాయుడు, పౌర విమానయాన మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ అందులోనే ఉన్నారు. అంతా సురక్షితంగా బయటపడ్డారు. దేశంలో బడ్జెట్ విమానం తొలి అడుగుల్లో ఒకటి బెజవాడ దారిలోనే పడిందన్నమాట.

ఆ తర్వాత వరుస చూడండి. ఎయిర్ డెక్కన్ 2007లో కింగ్‌ఫిషర్ చేతికి వెళ్లింది. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబర్‌లో ఆగిపోయింది. హైదరాబాద్‌ను కేంద్రంగా చేసుకుని చిన్న విమానాలు నడిపిన స్పైస్‌జెట్ తర్వాత్తర్వాత బాగా తగ్గిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో మూతపడింది.

వీటన్నింటిలో బెజవాడకు బాగా దగ్గరైన కథ ఎయిర్ కోస్టా. హెడ్ ఆఫీసే విజయవాడ. ఎల్‌ఈపీఎల్ గ్రూప్ 2013 అక్టోబర్‌లో ఎంబ్రేయర్ విమానాలతో దీన్ని మొదలుపెట్టింది. 2014లో ఏకంగా 50 కొత్త విమానాలకు ఆర్డర్ ఇచ్చి అందరి దృష్టినీ ఆకర్షించింది. కానీ మూడున్నరేళ్లు కూడా నిలవలేదు. లీజు చెల్లింపుల చిక్కుల్లో పడి 2017 ఫిబ్రవరి 28న విమానాలు ఆపేసింది. సొంతూరి కంపెనీ కథ అలా ముగిసింది.

2018లో ఇండిగో గన్నవరం వచ్చింది. చిన్న ఏటీఆర్ విమానాలతో హైదరాబాద్, చెన్నై, బెంగళూరు రూట్లు మొదలుపెట్టింది. 2022 అక్టోబర్ 31న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ షార్జాకు నేరుగా విమానం వేసింది. ఒక్కో కంపెనీ వెళ్లిపోయినప్పుడల్లా ఖాళీ అయిన చోటు తర్వాతి కంపెనీకి దక్కింది. ఇదంతా చూస్తే ఒకటి అర్థమవుతుంది. గన్నవరంలో జనానికి కొరత లేదు. నిలబడే విమానానికే కొరత.

అసలు పోటీ స్లాట్ దగ్గరే

పెద్ద ఎయిర్‌పోర్టులో ఎప్పుడు పడితే అప్పుడు దిగడం కుదరదు. ఏ కంపెనీ విమానం ఏ టైమ్‌కి దిగాలి, ఎప్పుడు లేవాలి అన్నది ముందే కేటాయిస్తారు. దాన్నే స్లాట్ అంటారు. ఏడాదికి రెండు షెడ్యూళ్లు. సమ్మర్ షెడ్యూల్ మార్చి చివరి ఆదివారం, వింటర్ షెడ్యూల్ అక్టోబర్ చివరి ఆదివారం మొదలవుతాయి. ఇచ్చిన స్లాట్‌ను సరిగ్గా వాడుకుంటే వచ్చే ఏడాదీ అదే కంపెనీకి. 80 శాతం కూడా వాడకపోతే చేజారిపోతుంది.

అందుకే పెద్ద ఎయిర్‌పోర్టులో మంచి టైమ్‌కి స్లాట్ దొరకడం అంటే బీసెంట్ రోడ్‌లో షాపు దొరకడమే. ఉన్నవాళ్లు వదులుకోరు. ఒక కంపెనీ మూతపడితే తప్ప కొత్తవాళ్లకు పెద్దగా చోటు ఉండదు. 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు ఢిల్లీ, ముంబైలలో దాని స్లాట్లను మిగతా కంపెనీలకు పంచారు. బడ్జెట్ కంపెనీలు పెద్ద ఎయిర్‌పోర్టుల్లో బలపడటానికి అదీ ఒక కారణం. ముంబై పాత ఎయిర్‌పోర్టులో రెండు రన్‌వేలున్నా, అవి ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్తాయి. రెండింటినీ ఒకేసారి వాడలేరు. అక్కడ స్లాట్ విలువ ఎంతో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు గన్నవరం లెక్కకు వద్దాం. ఏటీఆర్‌లో 78 సీట్లు. ఎయిర్‌బస్ ఏ321లో 220కి పైనే. హబ్‌లో దిగడానికి రెండింటికీ ఒక్కో స్లాట్ కావాలి. ఒకే స్లాట్‌తో 78 మందిని తేవాలా, 220 మందిని తేవాలా? కంపెనీ ఏది ఎంచుకుంటుందో ఊహించడం కష్టమేమీ కాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మన దేశంలో 80 సీట్ల లోపున్న దేశీయ విమానాలకు ల్యాండింగ్ చార్జీలు లేవు. చిన్న ఊళ్లకు విమానాలు నడవాలని ఇచ్చిన రాయితీ ఇది. ఏటీఆర్‌లో సరిగ్గా 78 సీట్లే ఉండటం కంపెనీకి అలా కలిసొస్తుంది. కానీ హబ్ ఎయిర్‌పోర్ట్ వైపు నుంచి చూస్తే? ఆ విమానం దిగినందుకు ల్యాండింగ్ చార్జీ రూపంలో పైసా రాదు. హబ్ ఖాళీగా ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు. నిండాకే సమస్య.

డెల్టా రైతుకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది.. శివారు ఆయకట్టు! ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్లు వదిలితే ముందు పైన ఉన్న పొలాలు తడుస్తాయి. నాగాయలంక, కోడూరు, బంటుమిల్లి వైపు శివారు భూములకు చివర్లో అందుతాయి. నీళ్లు పుష్కలంగా ఉన్న ఏడాది తేడా తెలియదు. తక్కువైన ఏడాది ముందు ఎండేది శివారే. రైళ్లకు, కాలువలకు తల దగ్గరున్న బెజవాడ.. విమానాల విషయంలో మాత్రం శివారు ఆయకట్టు.

లాభం ఎక్కడుంది?

అలాగని ఇదంతా నష్టమే అనుకుంటే పొరపాటు. హబ్‌ను బడ్జెట్ కంపెనీయే నడిపితే గన్నవరం ప్రయాణికుడికి దక్కేవి చాలానే ఉన్నాయి.

మొదటిది, ఒకే టికెట్. గన్నవరం నుంచి విదేశానికి ఒకే పీఎన్ఆర్ మీద బుక్ చేస్తే, సాధారణంగా బ్యాగులు గన్నవరం కౌంటర్‌లో ఇచ్చేస్తే చివరి ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్లిపోతాయి. ఇమిగ్రేషన్ హబ్‌లో అవుతుంది. 23 కిలోల పెట్టెలు రెండు పట్టుకుని రాత్రి బస్సు దిగి, శంషాబాద్‌కి క్యాబ్ మాట్లాడుకునే తిప్పలు తప్పుతాయి.

రెండోది, టైమ్. మన దేశం నుంచి ఐరోపా, అమెరికా వెళ్లే విమానాల్లో చాలావరకు అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము మధ్య లేస్తాయి. కాబట్టి గన్నవరం నుంచి సాయంత్రం హబ్‌కు వెళ్లే విమానం ఉంటే, దానికి అనుసంధానంగా ఎన్నో దేశాలకు దారి దొరుకుతుంది. అదే విమానం మధ్యాహ్నం పూట ఉంటే, హబ్‌లో పది గంటలు కూర్చోవాలి. అందుకే గన్నవరంలో రోజుకు ఎన్ని విమానాలున్నాయన్న లెక్క ఒక్కటే చాలదు. అవి ఏ టైమ్‌కి ఉన్నాయన్నదీ చూడాలి.

మూడోది, హబ్‌లు పెరగడం. శంషాబాద్ మొదట ఏడాదికి 1.2 కోట్ల మంది కోసం కట్టింది. విస్తరణ తర్వాత దాని సామర్థ్యం 3.4 కోట్లు. బెంగళూరుకు 2019 డిసెంబర్‌లో రెండో రన్‌వే వచ్చింది. ఢిల్లీలో 2023 జులై నుంచి నాలుగు రన్‌వేలు. నవీ ముంబై ఎయిర్‌పోర్ట్‌లో 2025 డిసెంబర్ 25న విమానాలు మొదలయ్యాయి. కాలువ వెడల్పయితే శివారుకూ నీళ్లందే అవకాశం పెరుగుతుంది.

2025 డిసెంబర్ చెప్పిన పాఠం

ఒకే కంపెనీ మీద ఆధారపడితే ఏమవుతుందో 2025 డిసెంబర్ మొదటి వారంలో దేశమంతా చూసింది. పైలట్ల విశ్రాంతికి సంబంధించి కొత్త నిబంధనల రెండో దశ నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. తొలి దశలోనే వారానికి ఇవ్వాల్సిన విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. రాత్రి వేళ ల్యాండింగ్‌లపై పరిమితి కఠినమైంది. పైలట్ల అలసట తగ్గించి, ప్రయాణికుల భద్రత పెంచేందుకు తెచ్చిన నిబంధనలివి. అందుకు తగ్గట్టు ఇండిగో సిబ్బంది ప్లానింగ్ కుదరలేదు. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. గన్నవరం సర్వీసుల మీదా ఆ దెబ్బ పడింది.

మిగతా కంపెనీల టికెట్లు ఆకాశాన్నంటడంతో కేంద్రం చార్జీలకు పరిమితి పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు రూ.7,500, వెయ్యి కిలోమీటర్ల లోపు రూ.12 వేలు మించకూడదని చెప్పింది. ఇండిగో షెడ్యూల్‌లో 10 శాతం కోత పెట్టింది. అప్పుడు పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడే.

ఇక్కడ హబ్ పద్ధతిలోని బలహీనత బయటపడింది. ఊరి నుంచి ఊరికి నేరుగా నడిచే పద్ధతిలో ఒక విమానం ఆగితే ఆ విమానంలోని వాళ్లకే ఇబ్బంది. హబ్ పద్ధతిలో ఒక విమానం ఆగితే, దానికి కలపాల్సిన కనెక్షన్లన్నీ తెగుతాయి. గన్నవరంలో ఆగిన 78 సీట్ల విమానంలో సింగపూర్ వెళ్లేవారు, దుబాయ్ వెళ్లేవారు, ఢిల్లీలో ఇంటర్వ్యూకి వెళ్లేవారు.. అందరూ ఉంటారు. బెంగళూరు, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇంకో కంపెనీ దొరకొచ్చు. చిన్న ఎయిర్‌పోర్టులో ఉన్నవాళ్లకు రెండో దారి తక్కువ. ఇక మిగిలేది జాతీయ రహదారి మీద బస్సు, లేదా టికెట్ దొరికితే వందే భారత్.

నేరుగా విమానం ఉంటే? సింగపూర్ అనుభవం

హబ్ మీద ఆధారపడకుండా ఉండే మార్గం ఒకటే.. గన్నవరం నుంచే నేరుగా విదేశీ విమానాలు. ఆ ప్రయత్నం గతంలోనూ జరిగింది. 2018 డిసెంబర్ 4న ఇండిగో విజయవాడ-సింగపూర్ సర్వీసు మొదలుపెట్టింది. సీట్లు నిండకపోతే వచ్చే లోటును రాష్ట్ర ప్రభుత్వం భర్తీ చేస్తుందన్నది ఒప్పందం. దీన్నే వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు. 2019లో ప్రభుత్వం మారింది. ఆ సాయం కొనసాగలేదు. అదే ఏడాది జూన్‌లో విమానమూ ఆగిపోయింది.

మళ్లీ ఆరేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది. 2025 నవంబర్ 15న ఇండిగో సింగపూర్ సర్వీసును వారానికి 3 రోజుల చొప్పున తిరిగి మొదలుపెట్టింది. సింగపూర్ కూడా ఒక హబ్బే అన్నది ఇక్కడ గమనించాలి. అక్కడి నుంచి ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా దేశాలకు దారులున్నాయి. అంటే ఈ ఒక్క సర్వీసుతో డెల్టా ప్రయాణికుడికి హైదరాబాద్, ఢిల్లీ మీదుగా పోకుండా ఇంకో కాలువ దొరికినట్టే.

ఇక్కడో చేదు నిజం కూడా ఉంది. గన్నవరం రన్‌వేను 2,286 మీటర్ల నుంచి 3,360 మీటర్లకు పెంచారు. ఇప్పుడు పెద్ద విమానాలు కూడా దిగేంత పొడవు అది. ఎయిర్‌పోర్ట్ విస్తరణ కోసం బుద్ధవరం, అజ్జంపూడి, కేసరపల్లి రైతులు భూములిచ్చారు. ఏలూరు కాలువ మళ్లింపు కూడా ప్రణాళికలో చేర్చారు. 35 వేల చదరపు మీటర్ల కొత్త టెర్మినల్ పనులు చేపట్టారు. నేల మీద చేయాల్సింది చేశారు. కానీ విమానం వేయాలా వద్దా అన్న నిర్ణయం గన్నవరంలో జరగదు. ఎయిర్‌లైన్ ఆఫీసులో, హబ్ స్లాట్ల లెక్కల్లో జరుగుతుంది.

ప్రయాణికులు గుర్తుంచుకోవాల్సినవి

ఒకే పీఎన్ఆర్ ఉందో లేదో చూసుకోండి. రెండు టికెట్లు వేర్వేరుగా కొంటే ఒక్కోసారి కొన్ని వందలు, వేలు మిగలొచ్చు. కానీ తొలి విమానం లేటై రెండోది తప్పిపోతే, రెండో కంపెనీకి సంబంధం ఉండదు. మళ్లీ కొత్త టికెట్ కొనుక్కోవాల్సిందే. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో పంపాల్సిన బాధ్యత కంపెనీదే.

విమానం రద్దయితే హక్కులు అడగండి. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే, లేదా రద్దు వల్ల అదే టికెట్ మీదున్న కనెక్షన్ తప్పిపోతే, డీజీసీఏ నిబంధనల ప్రకారం పరిహారం ఉంటుంది. ప్రయాణ సమయం గంట లోపుంటే రూ.5 వేలు, రెండు గంటల లోపుంటే రూ.7,500, అంతకు మించితే రూ.10 వేల వరకు. బేసిక్ ఫేర్, ఫ్యూయల్ చార్జీ కలిపి అంతకంటే తక్కువుంటే ఆ తక్కువ మొత్తమే ఇస్తారు. వాతావరణం లాంటి కంపెనీ చేతిలో లేని కారణాలకు ఈ పరిహారం వర్తించదు. ఫిర్యాదులకు ఎయిర్‌సేవ యాప్ ఉంది.

చలికాలంలో ఉదయం విమానంతో జాగ్రత్త. డిసెంబర్, జనవరిలో గన్నవరంలో పొగమంచు వల్ల ఉదయం విమానాలు లేటవడం మామూలే. విదేశీ కనెక్షన్ ఉంటే మధ్యలో ఎక్కువ టైమ్ ఉండేలా బుక్ చేసుకోవడం మంచిది.

దిగేది ఏ ఎయిర్‌పోర్టులో, ఎక్కేది ఏ ఎయిర్‌పోర్టులో అన్నది చూడండి. ముంబైలో ఇప్పుడు రెండు ఎయిర్‌పోర్టులు. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కాలంటే మధ్యలో ముంబై ట్రాఫిక్ అంతా దాటాలి. ఢిల్లీలో అయితే టెర్మినల్ నంబర్ చూసుకోవాలి.

కోడ్‌షేర్ టికెట్‌లో బ్యాగేజీ రూల్ చదవండి. టికెట్ ఒక కంపెనీది, విమానం ఇంకో కంపెనీది అయినప్పుడు ఎన్ని కిలోలు అనుమతిస్తారో టికెట్ మీదే రాసి ఉంటుంది. గన్నవరం కౌంటర్ దగ్గర ఆవకాయ జాడీలు బయటకు తీయాల్సిన పరిస్థితి రాకుండా ఉంటుంది.

బెజవాడకు ఏం కావాలి?

బడ్జెట్ కంపెనీలు పెద్ద హబ్‌ల్లో బలపడటాన్ని గన్నవరం ఆపలేదు, ఆపాల్సిన అవసరమూ లేదు. దాని వల్ల దారులు పెరుగుతాయి. చూసుకోవాల్సింది ఒక్కటే, ఉన్న దారులన్నీ ఒకే కంపెనీ చేతిలో, ఒకే హబ్ మీదుగా ఉండకూడదు. ఒక హబ్‌లో పొగమంచు పట్టినా, ఒక కంపెనీకి పైలట్లు చాలకపోయినా, ఇంకో దారి తెరిచి ఉండాలి.

అందుకు ప్రభుత్వం చేయగలిగింది ఉంది. నేరు సర్వీసులకు ఇచ్చే సాయం ప్రభుత్వాలు మారినా ఒప్పందం గడువు దాకా ఆగకుండా చూడటం, హబ్‌కు సాయంత్రం చేరే విమానాల కోసం కంపెనీలతో మాట్లాడటం అందులో ముఖ్యమైనవి. ప్రయాణికుల చేతిలో ఉన్నది ఇంకా సింపుల్. హైదరాబాద్ దాకా బస్సులో వెళ్లి అక్కడ ఎక్కే ప్రతి ప్రయాణికుడూ శంషాబాద్ లెక్కలోకి వెళ్తాడు. గన్నవరంలో ఎక్కితే గన్నవరం లెక్కలోకి వస్తాడు. 78 సీట్ల విమానం స్థానంలో 180 సీట్ల విమానం రావాలా వద్దా అన్నది కంపెనీలు తేల్చేది ఆ లెక్క చూసే.

శివారు రైతు నీళ్ల కోసం ఏం చేస్తాడు? కాలువ మీద ఓ కన్నేసి ఉంచుతాడు. వంతు రాకపోతే అధికారిని అడుగుతాడు. కుదిరితే పొలంలో బోరు కూడా వేసుకుంటాడు. విమానాల విషయంలో బెజవాడ చేయాల్సిందీ అదే. హబ్ నుంచి వచ్చే వంతును వదులుకోకూడదు, సింగపూర్ లాంటి సొంత బోరును ఎండనివ్వకూడదు. వచ్చే షెడ్యూల్ మారేటప్పుడు గన్నవరం బోర్డు మీద ఎన్ని కంపెనీల పేర్లున్నాయో, అవి ఎన్ని హబ్‌లకు వెళ్తున్నాయో లెక్కపెడితే చాలు.. పరిస్థితి మెరుగైందో లేదో ఇట్టే తెలిసిపోతుంది.